నాపరాతి బల్ల మీద మదర్‌బోర్డు

1998లో డిగ్రీ పూర్తయ్యాక కర్నూలు రాజ్‌విహార్ దగ్గర ఒక సందులో ఉన్న కంప్యూటర్ అంగట్లో పనికి చేరాను. ఉన్నది ఒకే గది. ముందువైపు ఒక టేబుల్, రెండు కుర్చీలు, వచ్చినవాళ్లకు చూపించడానికి ఒక పీసీ. అసలు పనంతా వెనకవైపే. అక్కడ ఇటుకల దిమ్మెల మీద పరిచిన బేతంచెర్ల నాపరాతి బండే మా పనిబల్ల. మే నెలలో ఊరంతా సెగలు కక్కుతున్నా ఆ బండ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండేది.

అంగడి ఆయన్ను అందరూ భాయ్ అనే పిలిచేవాళ్లు, నేనూ అంతే. రేడియోలు, టీవీలు రిపేరు చేస్తూ కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి. సామాన్ల కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయేవాడు. సీటీసీ అంటే ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. తెల్లవారుజామున ఆర్టీసీ బస్సెక్కి, రాత్రికి మదర్‌బోర్డులూ హార్డ్ డిస్కులూ ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చేవాడు. సంచి పైన పెట్టమని కండక్టర్ ఎంత చెప్పినా వినేవాడు కాదు.

నేను చేరిన కొత్తలో కొత్త బోర్డు ఒకటి నా ముందు పెట్టి, పెట్టెలో ఉన్న పలచటి పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. స్క్రూడ్రైవర్ మాత్రం ఇవ్వలేదు. టీ తాగి వచ్చి, "బుక్కు చదివినావా?" అన్నాడు.

"చదివినాను భాయ్."

"అయితే చెప్పు, ఈ ప్రాసెసర్‌కు వోల్టేజీ ఎంత? ఏ జంపర్ యాడ పెట్టాల?"

అది చెప్పగలిగాకే స్క్రూడ్రైవర్ చేతికొచ్చింది. తర్వాత నేను పనిచేసిన కాలమంతా ఇదే వరస. బోర్డు కొత్తదైతే ముందు పుస్తకం, తర్వాత చెయ్యి.

అప్పట్లో మా చేతుల మీదుగా ఎక్కువగా పోయినవి ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ బోర్డులు. 1997లో వచ్చిన చిప్‌సెట్ అది, అంటే ప్రాసెసర్‌కూ మిగతా భాగాలకూ మధ్య వ్యవహారం నడిపే చిప్పులు. ప్రాసెసర్ పెట్టే సాకెట్ 7లో పెంటియం కూర్చుంటుంది, పెంటియం ఎంఎంఎక్స్ కూర్చుంటుంది, ఏఎండీ కే6 కూర్చుంటుంది, సైరిక్స్ కూడా కూర్చుంటుంది. సాకెట్ ఒకటే గానీ ఎవరి తిండి వాళ్లదే. ఎంఎంఎక్స్‌కు లోపలి వోల్టేజీ 2.8. కే6 233కు 3.2. కే6-2కు 2.2. సైరిక్స్ 6ఎక్స్86ఎంఎక్స్‌కు 2.9. ఏఎండీ, సైరిక్స్ వాళ్లు ఆ అంకెను చిప్పు నెత్తినే అచ్చువేసేవాళ్లు. ఫ్యాన్ బిగించాక కనపడదు కాబట్టి బిగించకముందే చూసి కాగితం మీద రాసుకునేవాళ్లం. 2.2 కావలసిన చిప్పుకు 3.2 ఇచ్చామంటే పోయేది చిప్పొక్కటే కాదు, కస్టమర్ పెట్టిన వేల రూపాయలు.

ఈ సంగతులన్నీ ఇప్పుడు బోర్డు తానే చూసుకుంటుంది. అప్పుడు జంపర్లతో మనం చెప్పాలి. బోర్డు మీద నిటారుగా నిలబడిన సన్నటి పిన్నులు రెండో మూడో ఉంటాయి. వాటిలో రెండింటిని కలుపుతూ తొడిగే చిన్న ప్లాస్టిక్ టోపీయే జంపర్. లోపల ఒక లోహపు రేకు ఉంటుంది, అంతే. వేలిగోళ్లతో పట్టుకుంటే జారిపోయేది. భాయ్ కంటి డాక్టర్లు వాడేలాంటి సన్నటి పటకారు ఒకటి సంపాదించి ఉంచుకున్నాడు. తీసేసిన జంపర్లను పారేయకుండా ఫొటో రీలు డబ్బాలో వేసేవాడు. ఒక్క జంపర్ లేక పని ఆగిపోతే దాని కోసం సీటీసీ దాకా పోలేం కదా.

జంపర్ల విషయంలో నాకు ఇప్పటికీ బాగా నచ్చేది ఎంఎంఎక్స్ 233 కథ. బోర్డు మీద ప్రాసెసర్‌కు సమాచారం పోయివచ్చే దారిని బస్సు అంటారు. దాని వేగం 66.6 మెగాహెర్ట్జ్, దాన్ని 3.5తో గుణిస్తే 233. కానీ చాలా బోర్డుల పట్టికలో 3.5 అనే గడే కనిపించదు. జంపర్లను 1.5 దగ్గర పెట్టాలి. మొదటిసారి విన్నప్పుడు నమ్మబుద్ధి కాలేదు. కారణం భాయ్ కాగితం మీద గీసి చూపించాడు. ఈ గుణకాన్ని చెప్పేవి రెండు పిన్నులు. రెండు పిన్నులతో వచ్చేవి నాలుగు సంకేతాలే. 1.5, 2, 2.5, 3తో ఆ నాలుగూ అయిపోయాయి. 3.5 కావలసి వచ్చేసరికి 1.5తో నడిచే పాత పెంటియం 100 లాంటివాటి కాలం దాటిపోయింది కాబట్టి, 1.5 సంకేతం వస్తే 3.5గా తీసుకునేలా 233 చిప్పును తయారుచేశారు. బోర్డుకు ఏమీ తెలియదు, తెలిసిందంతా చిప్పుకే. పాత బోర్డు మారకుండానే కొత్త చిప్పు నడిచింది. ఇంజినీర్లు ఇంత ముచ్చటగా ఇరుకులోంచి దారి తీయడం తర్వాత చాలా తక్కువగా చూశాను.

ర్యామ్‌కూ పద్ధతులుండేవి. 72 పిన్నుల సిమ్ములు అనే ర్యామ్ పలకలైతే జతగా వేయాల్సిందే, ఎందుకంటే పెంటియం ఒకసారికి 64 బిట్లు అడుగుతుంది, సిమ్ము ఇచ్చేది 32. ఏటవాలుగా పెట్టి నిలబెడితే రెండు చివర్లా క్లిప్పులు టక్కుమని పడేవి. 168 పిన్నుల ఎస్‌డీర్యామ్ వచ్చాక నిలువుగా నొక్కితే చాలు. రెండు రకాలకూ స్లాట్లున్నాయి కదా అని రెండూ కలిపి వేయకూడదు. ఒకటి 5 వోల్టులది, ఒకటి 3.3ది. ఇంకో సంగతి చాలామందికి తెలిసేది కాదు. టీఎక్స్ చిప్‌సెట్‌లో క్యాష్, అంటే పనిని వేగం చేసే చిన్న మెమరీ, 64 ఎంబీ ర్యామ్ వరకే పనిచేస్తుంది. డబ్బులు పెట్టి 128 వేయించుకున్నవాళ్లు మెషీన్ నెమ్మదించిందని మళ్లీ వచ్చేవాళ్లు. భాయ్ ముందే చెప్పేవాడు, "64 చాలు సార్, మిగిలిన డబ్బులు మంచి యూపీఎస్‌లో పెట్టుకోండి" అని. కర్నూలు కరెంటుకు అంతకన్నా మంచి సలహా లేదు.

పవర్ దగ్గర మాత్రం భాయ్ ఎవర్నీ నమ్మేవాడు కాదు. పాత ఏటీ రకం పవర్ సప్లై నుంచి ఆరేసి వైర్ల కనెక్టర్లు రెండు వస్తాయి, పీ8, పీ9. అవి పక్కపక్కన కూర్చోవాలి, రెండింటి నల్లవైర్లూ మధ్యలో కలవాలి. తారుమారుగా పెట్టినా లోపలికి దిగుతాయి, అదే ప్రమాదం. స్విచ్ వేసేముందు వచ్చి ఆ నల్లవైర్ల మీద వేలు పెట్టి, "నలుపు, నలుపు" అని పైకే అనేవాడు. ఆ మాట పడ్డాకే ప్లగ్గు. ముందున్న పవర్ బటన్‌కు కూడా నేరుగా 230 వోల్టులే వచ్చేవి కాబట్టి దాని వెనక తొడుగులు సరిగా ఉన్నాయో లేదో ప్రతిసారీ చూసుకోవాల్సిందే.

బోర్డును నేరుగా క్యాబినెట్‌లో బిగించడం మా అంగట్లో లేదు. అది వచ్చిన అట్టపెట్టె మీదే పడుకోబెట్టి ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే కార్డు, స్పీకర్ మాత్రం తగిలించి ఆన్ చేసేవాళ్లం. ఒక్క చిన్న బీప్ వస్తే ప్రాణం లేచొచ్చినట్టు. మెషీన్‌ను మొదట లేపే ప్రోగ్రామే బయోస్, అది బోర్డు మీదే ఒక చిప్పులో ఉంటుంది. అవార్డ్ కంపెనీ బయోస్‌లో ఒక పొడుగు రెండు పొట్టి బీప్‌లు వస్తే డిస్‌ప్లే కార్డు సంగతి చూడాలి. పొడుగు బీప్ ఆగకుండా మోగుతుంటే ర్యామ్. అప్పుడు ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు పళ్లను రుద్ది మళ్లీ పెడితే చాలాసార్లు లేచేది. మా దుమ్ముకు అదే మందు. కొన్నాళ్లకు నేను ముందు గదిలో కస్టమర్‌తో మాట్లాడుతూనే వెనక మోగే బీప్‌ను బట్టి ఏ పార్టు కదిలిందో చెప్పగలిగేవాణ్ని.

తర్వాత డిలీట్ కీ నొక్కి బయోస్ సెట్టింగుల్లోకి. నీలం తెర మీద పసుపు అక్షరాలు. ముందు సెటప్ డీఫాల్ట్స్ లోడ్ చేసి, ఫ్లాపీ రకం చెప్పి, హార్డ్ డిస్క్ ఆటో డిటెక్షన్‌కు వెళ్తే డిస్కును చదివే పద్ధతులు మూడు వరసల్లో చూపించేది. నార్మల్, ఎల్‌బీఏ, లార్జ్. ఎల్‌బీఏ తీసుకోవాలి. అప్పటి బయోస్‌లు చాలావరకు 8.4 జీబీ దాటి చూడలేకపోయేవి. తర్వాత పెద్ద డిస్కులొచ్చాక 32 జీబీ దగ్గర ఇంకో గోడ వచ్చింది. డిస్కును వెతుకుతూ అక్కడే నిలిచిపోయేది బోర్డు. అందుకని కొన్ని డిస్కుల వెనక సైజును తగ్గించి చూపించే జంపర్ పెట్టారు. కస్టమర్‌కు 40 జీబీ డిస్కు అమ్మి 32 కనిపించేలా చేసి ఇచ్చేటప్పుడు ఎంత చెప్పినా ఆయన మొహంలో అనుమానం పోయేది కాదు.

వన్‌టౌన్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు కొట్టే ఒక డీటీపీ అన్న ఉండేవాడు. ఆయన పాత క్యాబినెట్ తుప్పు పట్టిందని ఎవరి దగ్గరో కొత్తదాంట్లోకి మార్పించుకున్నాడు. ఆ రోజు నుంచి మౌస్ పనిచేయలేదు. మౌస్ మార్చారు, విండోస్ మళ్లీ వేశారు, బోర్డు పోర్టు పోయిందని కూడా తేల్చేశారు. చివరికి మా దగ్గరికి తెచ్చాడు. భాయ్ స్క్రూలు కూడా విప్పకుండా, "అన్నా, మీ పాత డబ్బా యాడుంది?" అని అడిగాడు. ఇంటి మిద్దె మీద ఉందన్నాడు. తెప్పించి, దాని వెనక రేకుకు వేలాడుతున్న సీరియల్ పోర్టు కేబుల్ తీసి ఈ బోర్డుకు తగిలించాడు. మౌస్ కదిలింది. ఆ కాలపు బేబీ ఏటీ రకం బోర్డులకు కీబోర్డుది తప్ప మిగతా పోర్టులు నేరుగా ఉండవు, కేబుల్‌తో బయటికి తెచ్చుకోవాలి. ఆ కేబుళ్లలో వైర్ల వరస రెండు రకాలుగా ఉండేది. చూడ్డానికి రెండూ ఒకటే. బోర్డుతో వచ్చిన కేబుల్ బోర్డుతోనే పోవాలి. డీటీపీ అన్న ఆ రోజు డబ్బులతో పాటు గడియారం ఆసుపత్రి దగ్గర నుంచి అందరికీ మిర్చిబజ్జీలు కూడా పంపించాడు.

మోడెమ్‌ల గొడవ వేరే. కామ్ అంటే సీరియల్ పోర్టు, ఐఆర్‌క్యూ అంటే అది ప్రాసెసర్‌ను పిలిచే గీత. కామ్1, కామ్3 రెండూ ఒకే ఐఆర్‌క్యూ 4 మీద ఉంటాయి. మౌస్ కామ్1 మీద ఉండేది. మోడెమ్‌ను కామ్3లో పెడితే ఇంటర్నెట్ కలిసిన క్షణాన మౌస్ బిగుసుకుపోయేది. బయోస్‌లో కామ్2 ఆపేసి, మోడెమ్ కార్డు జంపర్లను కామ్2, ఐఆర్‌క్యూ 3కి మార్చితే ఇద్దరూ సుఖంగా ఉండేవాళ్లు.

1999 ఏప్రిల్ 26, సోమవారం. ఆ రోజు మధ్యాహ్నానికి అంగడి ముందు గది సీపీయూలతో నిండిపోయింది. అందరిదీ దాదాపు ఒకే మాట. పొద్దున ఆన్ చేశాం, తెర నిలిచిపోయింది, ఆపి మళ్లీ వేస్తే ఏమీ రావడం లేదు. తైవాన్‌లో చెన్ ఇంగ్-హౌ అనే విద్యార్థి రాసిన సీఐహెచ్ వైరస్ అది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీనే పేలేది కాబట్టి చెర్నోబిల్ వైరస్ అని కూడా అన్నారు. విండోస్ 95, 98ల మీద పడి హార్డ్ డిస్క్ మొదట్లో సున్నాలు రాసేది, ఆపైన బయోస్ చిప్పును చెరిపే ప్రయత్నం చేసేది. బయోస్‌ను చెరపడం అన్ని బోర్డుల మీదా కుదరలేదు. కుదిరినవాటిలో మేం అంత నమ్మకంగా అమ్మిన 430టీఎక్స్ ముందుంది.

బయోస్ పోయిన బోర్డు బీప్ కూడా అనదు. ఫ్యాన్ తిరుగుతుంది, అంతే. కొత్త చిప్పు రాయించాలంటే ప్రోగ్రామర్ యంత్రం కావాలి, అది మా దగ్గర లేదు. ఆ సాయంత్రం భాయ్ చేసిన పని నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో.

షోకు పెట్టిన పీసీలో అదే మోడల్ బోర్డు ఉంది. దాన్ని విప్పి నాపరాతి బల్ల మీద పెట్టాడు. ఆఫ్‌లో ఉండగానే దాని మంచి బయోస్ చిప్పును కొంచెం పైకి లేపి, కింద కుట్టుమిషన్ దారం నాలుగు పేటలు చేసి రెండు చివర్లా దూర్చి, మళ్లీ వదులుగా కూర్చోబెట్టాడు. యూపీఎస్ తగిలించాడు. ఫ్లాపీతో డాస్‌లోకి వెళ్లి, చిప్పును చదివి రాసే అవార్డ్ వాళ్ల ఫ్లాష్ ప్రోగ్రామ్‌తో మంచి బయోస్‌ను ఫ్లాపీ మీదికి కాపీ తీశాడు. మెషీన్ లేచాక బయోస్ ర్యామ్‌లోకి వచ్చేసి ఉంటుంది, చిప్పుతో ఇక అవసరం లేదు. అంటే ఆన్‌లో ఉండగానే చిప్పు తీసేయొచ్చు. తెలిసిన విషయమే. కానీ కరెంటు పారుతున్న బోర్డు మీంచి 32 కాళ్ల చిప్పు లాగడం వేరు.

గదిలో ఫ్యాన్ ఆపించాడు. అందరం ఊపిరి బిగబట్టాం. దారం రెండు చివర్లూ రెండు చేతుల్లోకి తీసుకుని, రెండువైపులా సమానంగా, నిలువుగా పైకి లాగాడు. చిప్పు ఒక్క కాలు కూడా వంగకుండా లేచి వచ్చింది. తెర మీద డాస్ కర్సర్ మిణుకుతూనే ఉంది. చచ్చిన చిప్పును, గాటు ఉన్నవైపు సరిచూసుకుని, అదే సాకెట్లో బొటనవేళ్లతో మెల్లగా నొక్కాడు. నన్ను కీబోర్డు దగ్గరికి రమ్మని, "వై కొట్టు రా" అన్నాడు. తెర మీద గళ్లు ఒక్కొక్కటే నిండుతుంటే నాకు చేతుల్లో చెమటలు. అయిపోయాక ఆఫ్ చేసి, ఆ చిప్పును దాని బోర్డుకు పెట్టి ఆన్ చేశాం. ఒక్క చిన్న బీప్.

ముందు గదిలో ఎదురుచూస్తున్నవాళ్లు ఎందుకు చప్పట్లు కొట్టారో వాళ్లకే పూర్తిగా తెలియకపోవచ్చు, నాకు మాత్రం తెలుసు. ఆ వారమంతా అదే పని, అదే దారం. డిస్కుల్లో ఫ్యాట్32 ఉన్నవి కొన్ని దక్కాయి. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చెప్పే ఫ్యాట్ పట్టికకు రెండు కాపీలుంటాయి, పెద్ద డిస్కుల్లో రెండోది వైరస్ చేతికి అందనంత దూరంలో ఉండేది. ఫ్యాట్16 ఉన్నవాటిలో ఆ రెండూ దగ్గర దగ్గరగా మొదట్లోనే ఉంటాయి, అవి దక్కలేదు. పెళ్లిళ్ల నెల అది. డీటీపీ అన్న డిస్కు ఫ్యాట్32 కావడం ఎన్నో ఇళ్ల అదృష్టం.

తర్వాతి కాలం త్వరగా గడిచిపోయింది. ఏటీఎక్స్ అనే కొత్త రకం బోర్డులు వచ్చి పవర్ కనెక్టర్ ఒక్కటైంది, నల్లవైర్ల మంత్రం అక్కర్లేకపోయింది. 1998లోనే వచ్చిన 440బీఎక్స్ లాంటి గట్టి చిప్‌సెట్ మళ్లీ నేను చూడలేదు. 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ ప్రాసెసర్‌ను 100 బస్సు మీద 450కి పరుగెత్తించినా కిక్కురుమనేది కాదు. 2000 దాటాక కెపాసిటర్లు ఉబ్బిపోయే బోర్డులొచ్చాయి. ఏడాది తిరక్కుండానే ప్రాసెసర్ చుట్టూ నెత్తులు ఉబ్బి గోధుమరంగు రసం కారేది. ఒక కంపెనీ సరుకైతే మేం అమ్మినవన్నీ వెనక్కి వచ్చాయి. వాటికి కెపాసిటర్లు మార్చి ఇచ్చాం, రేడియో రిపేరు నాటి సోల్డరింగ్ భాయ్‌కి అప్పుడు అక్కరకొచ్చింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగానికి వచ్చేశాను. ల్యాప్‌టాప్‌లు పెరిగాక భాయ్ అంగడి మూసి, మిగిలిన సామానంతా పాత ఊళ్లోని ఇంటికి చేర్చుకున్నాడు.

ఆ సామానులో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. మాన్యువల్ పుస్తకాలను కస్టమర్లు పారేసుకుంటారని, మా చేతికి వచ్చిన ప్రతి బోర్డు జంపర్ల పట్టికనూ భాయ్ అందులో చేత్తో దింపుకునేవాడు. బొమ్మ గీసి, ఒకటో పిన్ను ఎటువైపో బాణం గుర్తు వేసి. అంకెలు ఇంగ్లీషులో, గమనికలు ఉర్దూలో, నేను రాసిన పేజీలు తెలుగులో.

2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు ఆ ఇల్లు మునిగింది. మనుషులు ముందే మిద్దెక్కారు, అదే పదివేలు. నీళ్లు తీశాక నేను వెళ్లేసరికి గదుల్లో మోకాలి లోతు బురద. బోర్డులు బురదలోంచి ఏరి, బ్యాటరీలు పీకేసి, మంచినీళ్లతో కడిగి, బ్రష్షుతో స్లాట్లలో మట్టి తీసి మిద్దె మీద ఆరబెట్టాం. కరెంటు లేకుండా మునిగిన బోర్డు అంత తొందరగా చావదు. కొన్ని లేచాయి. నోట్‌బుక్‌లో భాయ్ ఇంకు పెన్నుతో రాసిన పేజీలు మాత్రం నీలం మరకలయ్యాయి. బాల్ పెన్నుతో నేను రాసిన కొద్ది పేజీలు మిగిలాయి.

అప్పుడు లేచిన బోర్డుల్లో ఒకటి భాయ్ నాకిచ్చాడు. 430టీఎక్స్, పెంటియం 133తో ఇప్పటికీ నడుస్తోంది. సీఆర్2032 బ్యాటరీ మారిస్తే తేదీ కూడా నిలుపుకుంటుంది. దానికి ఎంఎంఎక్స్ 233 వేద్దామని చిప్పు సంపాదించి పెట్టుకున్నాను. 1.5 జంపర్ సంగతి తెలుసు. వోల్టేజీని 2.8కి దించే జంపర్లు ఏవో తెలియాలి. ఆ పేజీ నీలం మరకల్లో పోయింది, బోర్డు మీద అచ్చయిన పట్టిక బురదకు చెరిగింది. ఊహించి పెట్టే పని కాదిది.

అందుకే అడుగుతున్నా. మీ ఇంట్లో అటక మీద టీఎక్స్ బోర్డుల మాన్యువల్ ఏదైనా ఉంటే ప్రాసెసర్ వోల్టేజీ పేజీ ఒక్కటి ఫొటో తీసి పెట్టండి. బోర్డే ఉంటే, ఆన్ చేసి ర్యామ్ లెక్క పెడుతుండగా పాజ్ కీ నొక్కండి. తెర అడుగున తేదీతో మొదలయ్యే పొడుగాటి వరస కనిపిస్తుంది. అందులో 2ఏ59ఐ అని ఉంటే అది టీఎక్స్. దాని తర్వాత వచ్చే రెండు అక్షరాలు ఏ కంపెనీ తయారుచేసిందో చెబుతాయి. ఆ వరస మొత్తం రాసి పంపితే నా దానితో పోల్చుకుంటాను. మోడల్ నంబర్ ఒక్కోసారి పాత రకం కార్డులు పెట్టే ఐఎస్ఏ స్లాట్ల మధ్య సన్నగా అచ్చయి ఉంటుంది, టార్చి వేసి అక్కడ కూడా చూడండి.